గ్విలిం కోసం పేర్చిన రాళ్లు

నెస్తా ప్రిచర్డ్ ఆ కొండను ఎన్నో వేసవులు ఎక్కింది గానీ, ఒక్కసారీ ముందు నడవలేదు. ముందు నడిచేది భర్త గ్విలిం. ఆవిడ వరుసలో చివరి మనిషి. ఎవరి బూటు లేసు ఊడిందో, ఎవరికి ఆయాసం వచ్చిందో, ఎవరు అలిగి బండ చాటున కూర్చున్నారో చూసుకుని అందర్నీ ముందుకు తోలడం ఆవిడ పని. ఆ పని ఆవిడకు కొత్తేమీ కాదు. మా ఊరి బడిలో ముప్పయ్యేళ్లు వంట చేసిన మనిషి. పళ్లెంలో క్యాబేజీ వదిలేసి లేవబోయిన పిల్లవాణ్ణి కంటిచూపుతోనే మళ్లీ కూర్చోబెట్టేది. ఆ పిల్లలిప్పుడు తలలు నెరిసిన వాళ్లు. అయినా వీధిలో ఆవిడ ఎదురుపడితే ఈనాటికీ నడుం నిటారుగా పెడతారు.

గ్విలిం పోస్ట్‌మ్యాన్. కొండ మీది రైతుల ఇళ్లకు ఉత్తరాలు మోసినవాడు. వారమంతా నడిచింది చాలనట్టు ప్రతి జులైలో మొదటి శనివారం స్నేహితుల్ని వెంటేసుకుని బొంతకాకి కొండ ఎక్కేవాడు. దారి ఎప్పుడూ ఒకటే. కనుమలో నిలబడ్డ జంట రాళ్ల దగ్గర మొదలు. అక్కణ్ణుంచి రాతిగోడ వెంబడి పాత కోట దాకా ఎక్కుడు. కోట దాటితే కొండ నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. దాని చివర రాజు సమాధి. సమాధి అంటే మనిషెత్తు రాళ్ల కుప్ప. ఏ రాజో, ఎన్ని వేల ఏళ్ల నాటి వాడో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకుందామని ఎవరూ అనుకోనూ లేదు. అక్కడ ఎడమకు తిరిగితే గొర్రెల బాట మెల్లగా దిగి మా చాపెల్, అంటే మా చిన్న ప్రార్థన మందిరం, వెనక్కి చేరుస్తుంది. చాపెల్లో టీ కాచి ఉంటుంది. పైకి తీసుకెళ్లిన ప్రతి మనిషినీ ఆ టీ దగ్గరికి చేర్చే పూచీ ముందు నడిచేవాడిదని గ్విలిం పట్టింపు.

మూడేళ్ల కిందట, చలికాలంలో, గ్విలిం నిద్రలోనే పోయాడు. ఆ వేసవి నడకకు నెస్తా కోటు జేబులో ఒక గులకరాయి వేసుకుని వచ్చింది. సముద్రపు ఒడ్డున ఏరిన నున్నటి గుండ్రాయి. కొండ నెత్తి మీద, రాజు సమాధికి చాలా ముందే, సముద్రం కనబడే చోటొకటి ఉంది. గ్విలిం ఎప్పుడూ అక్కడే ఆగి ఫ్లాస్కు మూత తీసేవాడు. అక్కడ గడ్డిలో ఆ రాయి పెట్టి, ఏమీ మాట్లాడకుండా నడిచిపోయింది. మరుసటేడు అందరి జేబుల్లోనూ గులకరాళ్లు ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మావాళ్లింతే, గుండెల్లో ఉన్నది నోటితో అనమంటే చచ్చిపోతారు, అదే రాయి మొయ్యమంటే ఎంత దూరమైనా మోస్తారు. కిందటేటికి ఆ కుప్ప మోకాలెత్తు అయింది.

గ్విలిం పోయాక నడకకు ముందు నడిచింది ఇద్వల్. గ్విలిం చిన్ననాటి స్నేహితుడు, జీవితమంతా ఆ కొండ మీదే గొర్రెలు కాచి, ఈమధ్యే మందను కొడుక్కి అప్పగించినవాడు. ఈ ఏడు అతని మోకాలు మొరాయించింది. చాపెల్ పక్క గదిలో కూర్చుని ఈసారికి సముద్రం ఒడ్డున నడుద్దాం అన్నాడు. నెస్తాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒడ్డున నడవడానికి ఊళ్లో కుక్కలున్నాయి, మనమెందుకు అంది. ఈసారి ముందు తానే నడుస్తానంది. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి మానేసిన ఎలునెద్ తలొంచుకుని టీ కలుపుకుంది. ఆమె మొగుడు బెర్విన్, బస్సు డ్రైవరుగా చేసినవాడు, ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, ఆవేళ బిస్కెట్ల పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

"నీకు దారి తెలుసా?" అన్నాడు ఇద్వల్.

"ఇన్నేళ్లూ నడవలేదూ?"

"నడిచావు. గ్విలిం వీపు చూసుకుంటూ."

అది నిజం. నిజం కాబట్టే ముల్లులా దిగింది. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ దారిని వల్లెవేసుకుంది. జంట రాళ్లు, గోడ, కోట, బల్లపరుపు, సమాధి, ఎడమ. ముగ్గుర్ని ఎక్కించాలి, ముగ్గుర్నీ దించాలి. ఇది చేతకాకపోతే గ్విలిం నడక ఆయనతోనే పోయినట్టు. అలా పోనివ్వడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ఆ శనివారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. జంట రాళ్ల దగ్గర బెర్విన్ తన పాత పాట ఎత్తుకున్నాడు. ఆదివారం చాపెల్ ఎగ్గొట్టి కబుర్లు చెప్పుకుంటుంటే దేవుడు రాళ్లుగా మార్చిన ఆడవాళ్లట అవి. కాదు, చెయ్యెత్తినా బస్సాపని డ్రైవర్లు అంది ఎలునెద్. నెస్తా నవ్వింది గానీ, కళ్లు మాత్రం గోడ ఎటు పోతోందో చూస్తూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఇద్వల్ కాస్త కుంటుతూ, కుంటడం లేదన్నట్టు ముఖం పెట్టి వస్తున్నాడు.

పాత కోట అంటే ఇప్పుడు మిగిలింది కూలిన గోడ చుట్టు ఒకటే. దాని నీడన కూర్చుని ఎలునెద్ తెచ్చిన బారా బ్రిత్ రొట్టె ముక్కలకు వెన్న రాసుకుని తిన్నారు. ఎండుద్రాక్ష తక్కువేశావని బెర్విన్ సణిగాడు. అలా సణుగుతుండగానే సముద్రం కనబడకుండా పోయింది. ముందు సముద్రం, తర్వాత కింద ఊరు, తర్వాత తాము ఎక్కొచ్చిన వాలు. చూస్తుండగానే పొగమంచు కోటగోడ దాటి వాళ్ల ఒళ్లోకి వచ్చింది. జులై ఎండలో చెమట పట్టిన వీపులు ఒక్కసారిగా చల్లబడ్డాయి.

ఇద్వల్ లేచి కర్ర అందుకున్నాడు. ఇక్కడితో ఆగి గోడ పట్టుకుని వచ్చిన దారినే దిగిపోవచ్చన్నాడు. కళ్లు మూసుకున్నా గోడ తప్పిపోదన్నాడు. నెస్తా లేవలేదు. దీన్ని మంచు అనరు, పూట గడవక ముందే విడిపోతుంది అంది. గ్విలిం ఎన్నిసార్లు ఇంతకన్నా చిక్కటి మంచులో దాటించలేదు అంది.

"గ్విలిం ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు," అన్నాడు ఇద్వల్.

ఆ మాట అనకుండా ఉంటే ఆవిడ వెనక్కి తిరిగేదేమో. అన్నాక ఇక తిరగలేకపోయింది. సంచి భుజానేసుకుని బల్లపరుపు వైపు నడిచింది. మిగిలినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆవిడ వెనకే కదిలారు. విడిపోకూడదన్నది గ్విలిం నేర్పిన మొదటి పాఠం, ఆ సమయంలో వాళ్లకు గుర్తొచ్చింది అదే.

మంచులో కొండ నెత్తికి అంతూ పొంతూ ఉండదు. చెయ్యి చాస్తే వేళ్లు మసకబారుతున్నాయి. ఎలునెద్ ఫోను తీసి చూస్తే పటం రావలసిన చోట తెల్లగా ఉంది. ఆ కొండ మీద సిగ్నల్ ఏనాడూ లేదు. గ్విలిం దిక్సూచి నెస్తా మెడలో వేలాడుతోంది. అది చూసుకుంటూ ఉత్తరానికే నడుస్తున్నానని తనకు తనే చెప్పుకుంటోంది. ఎడమ పక్క గ్విలిం కుప్ప కోసం వెతుకుతోంది. మోకాలెత్తు కుప్ప, దాటిపోతే కనబడకపోవచ్చు. కనబడలేదు. దాటిపోయాం అనుకుంది.

అంతలో మంచులోంచి నల్లగా, భుజాలెత్తున, రాళ్ల కుప్ప ముందుకొచ్చి నిలబడింది. నెస్తాకు ఒళ్లంతా తేలికైంది. "రాజు సమాధి," అని వెనక్కి కేక వేసింది. దిక్సూచి పడమరకు పెట్టింది. "ఎడమకు తిరగండి. ఇక దిగుడే."

ఇద్వల్ కుప్ప పక్కన ఆగాడు. ఇంత త్వరగా వచ్చేశామేంటి అన్నాడు. మంచులో దూరం తెలియదు అంది ఆవిడ. తెలియకపోవడం నిజమే గానీ, మంచులో దారి పొడుగ్గా అనిపించాలి, పొట్టిగా కాదు అన్నాడతను. నెస్తా వినిపించుకోలేదు. అప్పటికే నాలుగడుగులు దిగింది.

మొదట వాలు మెత్తగానే ఉంది. గడ్డి, మధ్యలో మంచులోంచి లేచి పక్కకు తప్పుకునే గొర్రెలు. బెర్విన్ ఈల వేస్తున్నాడు. రానురాను గడ్డి పొట్టిదై, పాదం కింద జారడం మొదలైంది. బాట కనబడలేదు. మంచులో బాటెలా కనబడుతుంది అనుకుంది నెస్తా. బెర్విన్ ఈల ఆపేశాడు.

"నెస్తా, ఆగు," అన్నాడు ఇద్వల్ పైనుంచి. "ఆ గొర్రెను చూడు."

"గొర్రెను చూడటానికి రాలేదు నేను."

"దాని వీపు మీద గుర్తు చూడు. నీలం. అది అవతలి హావోద్ పొలం వాళ్లది. మన బాట మీద తిరిగేవి మా ఎర్ర గుర్తువి."

అంటే ఏమిటో ఆ నలుగురిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ కొండకు కంచె లేదు. తల్లి మేసిన చోటే పిల్ల మేస్తుంది, పిల్ల ఈనిన పిల్లా అక్కడే మేస్తుంది. నీలం మంద ఎర్ర మంద నేల మీదికి రాదు. హావోద్ వాళ్ల గొర్రెలు మేసేది నిట్టనిలువుగా తెగిన బొంతకాకి చరియ నెత్తిన. చరియ కింద మూతపడ్డ పలకరాతి గని. గ్విలిం అటు వైపు ఊరి పిల్లల్ని కన్నెత్తి చూడనిచ్చేవాడు కాదు.

అయినా నెస్తా పంతం వదల్లేదు. ఎవరో సంతలో కొన్నవి కలిసి ఉంటాయి అంది. సమాధి దగ్గరే కదా తిరిగాం, దిక్సూచి పడమరే చూపిస్తోంది కదా అంది. నాలుగడుగులు ముందుకెళ్లి బాట చూసొస్తాను, మీరిక్కడే ఉండండి అంది. ఇద్వల్ వద్దన్నాడు. ఆవిడ వెళ్లింది.

కర్రతో నేలను పొడుస్తూ దిగింది. గడ్డి అయిపోయి పలకరాతి ముక్కలు మొదలయ్యాయి. బూటు తగిలి ఒక ముక్క కదిలి కిందికి జారింది. టకటకమని రెండు మూడు దెబ్బల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నెస్తా ఊపిరి బిగబట్టి వింది. చాలాసేపటికి, ఎక్కడో పాతాళంలో, చిన్నగా టక్కుమంది.

ఆవిడ కదలలేకపోయింది. ముందు మంచు తెల్లగా, మెత్తగా, ఏమీ ఎరగనట్టు ఉంది. "రావద్దు," అందామనుకుంది, ఆలస్యమైపోయింది. ఆ టక్కుమన్న చప్పుడు ఇద్వల్ కూడా విన్నాడు. ఆవిడ కోసం దిగబోయాడు. మోకాలు మడతపడింది. పెద్దమనిషి, బరువైన మనిషి, వెల్లకిలా పడి జారుడుబల్ల మీద పడ్డట్టు గడ్డి మీద జారుకుంటూ ఆవిడ పక్కనుంచి పోబోయాడు.

నెస్తా అతని సంచి పట్టీ అందుకుంది. ఎలా అందుకుందో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకే తెలియలేదు. ఆ ఊపుకు తానూ బోర్లా పడింది. బడిలో పెద్ద పెద్ద వంట గంగాళాలు దించిన చేతులవి, వదల్లేదు. ఇద్వల్ మడమలు పలకరాళ్లలో దిగి ఆగాయి. రాళ్ల ముక్కలు అతని కింద నుంచి జారి ఒక్కొక్కటీ పడిపోతున్నాయి. పడిన ప్రతిదాని చప్పుడూ ఇద్దరూ విన్నారు.

"వదిలెయ్యకు," అన్నాడు ఇద్వల్ చాలా మెల్లగా.

"నోరుమూసుకుని మడమలు తన్నిపెట్టు," అంది నెస్తా.

పైన బెర్విన్ కోటు విప్పి, బోర్లా పడుకుని, దాని చెయ్యి కిందికి వేలాడదీశాడు. ఎలునెద్ అతని కాళ్ల మీద కూర్చుంది. ముందు ఇద్వల్, ఆ తర్వాత నెస్తా, చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ, గడ్డి పిడికిళ్లతో పట్టుకుంటూ పైకొచ్చారు. దిగిన వాలంతా మళ్లీ అలాగే ఎక్కి, కుప్ప దగ్గరికి వచ్చి కూలబడ్డారు. ఇద్వల్ మోకాలు అప్పటికే వాచి ప్యాంటు బిగుసుకుంది.

నెస్తా కుప్పకేసి చూస్తూ ఉంది. సమాధి దగ్గర తిరిగితే చరియకు ఎలా చేరాం? లేచి కుప్ప దగ్గరికెళ్లి చెయ్యి ఆనించింది. పైన కొండ రాళ్లు, గరుకువి, కోసుగా ఉన్నవి. మోకాళ్ల మీద కూర్చుని కింది వరుసలో సందు చూసి వేళ్లు లోపలికి దూర్చింది. లోపల నున్నగా, గుండ్రంగా తగిలింది. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. కొండ మీద అలాంటి రాయి పుట్టదు.

"ఇది రాజు సమాధి కాదు," అంది. "ఇది గ్విలిం."

మిగిలినవాళ్లకు అర్థం కావడానికి కాస్త పట్టింది. కిందటేడు మోకాలెత్తున వదిలేసి వెళ్లిన కుప్ప అది. తర్వాత ఏడాది పొడుగునా కొండెక్కిన దారినపోయేవాళ్లందరూ, కుప్ప కనబడితే రాయి వేయాలన్న అలవాటు కొద్దీ, ఎవరిదో ఎందుకో తెలియకుండానే తలో రాయి పేర్చి భుజాలెత్తు చేశారు. నెస్తా చిన్న కుప్ప కోసం వెతికింది, అది పెద్దదై ఎదురొచ్చింది. ప్రేమతో తాను పెట్టిన మొదటి రాయే ముగ్గుర్ని చరియ అంచుకు తీసుకెళ్లింది. తప్పు నాది ఇద్వల్, కోట దగ్గరే నీ మాట వినాల్సింది అంది. ఇక నువ్వు ముందు నడువు అంది.

"ఈ కాలితోనా? లే. నీ వెనకే ఉంటాం."

ఇద్వల్ ఒక చెయ్యి బెర్విన్ భుజమ్మీద వేశాడు. నెస్తా దిక్సూచి ఉత్తరానికి పెట్టి నడిచింది. ఈసారి ప్రతి గొర్రె దగ్గరా ఆగింది. కళ్లద్దాలు మంచుతో నిండిపోయి ఆవిడకు రంగు తెలియడం లేదు.

"ఇద్వల్, రంగు?"

"నీలం."

ఇంకొంత దూరం. మంచు అలాగే ఉంది. ఎలునెద్ పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

"రంగు?"

"నీలమే. నడువు."

మళ్లీ ఆగింది. పడుకున్న ముసలి గొర్రె ఒకటి లేవకుండానే వాళ్ల వైపు చూసింది. ఇద్వల్ ముందుకు వంగాడు. తడిసిన ఉన్నిని చేత్తో తుడిచి చూశాడు. ఆవిడ అడగడానికి కూడా భయపడింది.

"ఎరుపు," అన్నాడు. "ఇది మాదే. దీని తల్లిని నేనే సాకాను."

కాసేపటికి రాజు సమాధి కనబడింది. మనిషెత్తు, ఇల్లంత వెడల్పు ఉన్న కుప్ప. దీన్ని చూశాక ఇంకో కుప్పను ఇదనుకోవడం ఎలా సాధ్యమో నెస్తాకే అంతుబట్టలేదు. ఎడమకు తిరిగారు. బాట పాదం కిందికి వచ్చింది. చాపెల్లో టీ చల్లారి, మళ్లీ కాచి ఉంది. నెస్తా మూడు కప్పులు పోసి ముగ్గురి చేతుల్లో పెట్టి, నాలుగోది పోసుకోలేక కుర్చీలో కూలబడింది.

మరుసటి శనివారం నెస్తా మళ్లీ కొండెక్కింది. ఇద్వల్ రాలేకపోయాడు. ఎలునెద్, బెర్విన్ వచ్చారు. ఆకాశం నిర్మలంగా ఉంది. గ్విలిం కుప్ప దగ్గర నిలబడితే రాజు సమాధి దూరంగా, స్పష్టంగా కనబడుతోంది. చిన్నపిల్లాడు కూడా పొరబడడు. నెస్తా సంచి దించి, కుప్ప పై రాయి ఎత్తి గడ్డిలోకి విసిరేసింది.

ఎలునెద్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇది గ్విలిందే కదా నెస్తా, ఇక్కడొక బోర్డు పెడితే పోదూ అంది.

"ఎలునెద్, నా మొగుడు బతికుండగా ఒక్క మనిషికి కూడా దారి తప్పించలేదు. పోయాక ఆయనతో ఆ పని చేయించను."

అంతటితో ఎలునెద్ కూడా రాయి ఎత్తింది. పని సగంలో ఉండగా కొత్తవాళ్లిద్దరు, మొగుడూ పెళ్లాం, చెరో రాయి పట్టుకుని వచ్చి బిత్తరపోయి చూశారు. వాటిని ఎక్కడ ఎత్తారో అక్కడే పెట్టమని నెస్తా మర్యాదగానే చెప్పింది. బడిలో వాడే గొంతుతో చెప్పింది కాబట్టి వాళ్లు వెంటనే వెనక్కి వెళ్లారు.

గరుకు రాళ్లన్నీ చెదిరిపోయాక గడ్డిలో గులకరాళ్లు మిగిలాయి. సంచుల్లో వేసుకున్నారు. ఉత్తరాల సంచి కూడా ఇంత బరువుండేది కాదు, ముసలాడు చచ్చాక లావెక్కాడు అన్నాడు బెర్విన్. నెస్తా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది.

సముద్రపు ఒడ్డున ఇద్వల్ మోకాలికి కట్టుతో, కారులో తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్లు అలలకు దగ్గరగా ఒక్కో రాయీ పెడుతుంటే చూశాడు. తాను మొదట మోసుకెళ్లిన రాయి నెస్తాకు తెలుసు, తెల్లటి చార ఉంటుంది దానికి. దాన్ని అన్నిటికన్నా చివర పెట్టింది. అల వచ్చి వెనక్కి పోయింది. తెల్లచార రాళ్లు అక్కడ లెక్కలేనన్ని. తన రాయి ఎక్కడుందో ఆవిడకు మళ్లీ కనబడలేదు. గ్విలిం పోయాడన్న సంగతి అంత గట్టిగా ఈ మూడేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. అక్కడే నీళ్లంచున నిలబడి ఏడ్చింది.

కారు దగ్గరికి వచ్చేసరికి ఇద్వల్ ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికిచ్చాడు.

"వచ్చే ఏడు ఎవరు ముందు నడుస్తారు?" అన్నాడు.

నెస్తా టీ తాగి, మూత దులిపి, వెనక్కిచ్చింది.

"నేనే. గొర్రెల్ని నువ్వు చూసుకో."